ఉడకబెట్టిన ప్రార్థన

బైండరు కోపం ఎప్పుడూ నోటిదాకా రాదు, చేతుల్లోనే ఆగిపోతుంది. చెల్లెలి మీద కోపం వచ్చిన రోజూ అంతే. అందరి ముందూ నవ్వుతూ నిలబడ్డాడు. గదికి తిరిగొచ్చాక చేతులు తమ పని తాము చేసుకుపోయాయి.

ఆ గది మతగ్రంథాల లైబ్రరీలో మెట్ల కింద ఉంటుంది. ఒక పొడవాటి బల్ల, కోతకత్తులు, పుస్తకాలను బిగించి ఉంచే చెక్కలు, ఓ హీటరు, దాని మీద రాగి గిన్నె. పాత పుస్తకాల వీపులు విప్పడం, మళ్ళీ కుట్టడం, అట్టలు వెయ్యడం అతని పని. కొన్ని పుస్తకాలు మామూలు కాగితం కావు, తోలు కాగితం. మేకతోలును గీకి, సాగదీసి, ఆరబెట్టి చేసింది. అది చినిగితే పిండిబంక పట్టదు. అదే తోలు ముక్కలు నీళ్ళలో వేసి, మరగనివ్వకుండా సన్నసెగ మీద పూటంతా ఉంచి తీసిన జిగురే పట్టాలి. పనివాళ్ళు దాన్ని వజ్రం అంటారు. "తోలుకు తోలే చుట్టంరా, మనుషుల్లా కాదు" అనేవాడు పని నేర్పిన గురువు. అందుకని బల్ల కింద ఎప్పుడూ ఒక డబ్బా ఉంటుంది. పాత వీపుల్లోంచి ఊడివచ్చిన తోలు పీలికలు డబ్బాలోకి, డబ్బాలోంచి గిన్నెలోకి.

చెల్లెలు పనిచేసేది పై అంతస్తులో. తొలి క్రైస్తవులు ఎలా బతికారు, ఏం తిన్నారు, ఏమని ప్రార్థించారు, వాళ్ళు పుట్టి పెరిగిన యూదుల ఇళ్ళలో అంతకుముందు ఏమనేవారు, ఇదీ ఆవిడ చదువు. అన్న చదువు మీసాలు రాకముందే ఆగింది. తండ్రి పోయాక ఇద్దరిలో ఒకరు పనికి పోక తప్పదంటే పోయింది అతనే. ఆ సంగతి ఇద్దరూ ఏనాడూ మాట్లాడుకోలేదు. మాట్లాడుకోని సంగతులు ఇంట్లో పాత బీరువాల్లాంటివి. ఎవరూ తెరవరు, అందరూ తప్పుకుని నడుస్తారు.

ఆ రోజు బయటినుంచి ఎవరో పండితులు వచ్చారు. చెల్లెలు వాళ్ళను గదిలోకి తీసుకొచ్చింది.

"మా అన్నయ్య. పుస్తకాల లోపల ఏముందో ఈయనకు తెలీదు కానీ, వీపులు మాత్రం అన్నీ తెలుసు."

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. ఆవిడ ఒక పాత ప్రసంగాల పుస్తకం బల్ల మీద పెట్టి, చూపుడువేలు ఆడిస్తూ, "అన్నయ్యా, దీని వీపులోంచి ఏమొచ్చినా పారెయ్యకు. చిన్న పీలికైనా సరే. అర్థమైందా?" అంది.

వీపుల మాట కంటే ఆ "అర్థమైందా" ఎక్కువ గుచ్చుకుంది. తను వేలు పట్టుకుని బడిలో దింపిన పిల్ల.

మధ్యాహ్నం పుస్తకం విప్పాడు. వీపు మీద తడిబంక పూసి నాననిచ్చి, పాత జిగురు గీకేస్తే, లోపల అంటించిన తోలు పీలికలు ఒక్కొక్కటే లేచి వచ్చాయి. తిప్పి చూశాడు. నల్లటి అక్షరాలు. నలుచదరంగా, ఒకదాని పక్కన ఒకటి చిన్న చిన్న కిటికీల్లా. చెల్లెలి బల్ల మీద అలాంటివి బోలెడు చూశాడు. అవి యూదుల అక్షరాలని తెలుసు. ఎవరిదో పాత పుస్తకం కోసి, ఈ పుస్తకానికి వీపు చేశారని కూడా తెలిసింది. అన్నీ తెలిశాయి. తెలిసి, వాటిని డబ్బాలో వెయ్యలేదు. నేరుగా గిన్నెలోనే వేశాడు. ఈ పుస్తకంలో చినిగిన తోలు పేజీలకు వజ్రం కావాలి కదా అనుకున్నాడు. డబ్బాలో వేరే ముక్కలు చాలానే ఉన్నాయి.

పీలికలు వేడికి చెవుల్లా ముడుచుకున్నాయి. అక్షరాలు దగ్గరకు జరిగాయి, చిన్నవయ్యాయి, తర్వాత నీళ్ళు టీ రంగుకు తిరిగాయి. సాయంత్రం గుడ్డలో వడకట్టి, పిప్పి చెత్తబుట్టలో వేశాడు. అప్పటికి కోపం పోయింది. కోపం పోయాక ఎలా ఉంటుందో తాగి లేచినవాడికి తెలుసు.

ఒక్క పీలిక మాత్రం అట్ట అంచు కిందికి పోయి అతుక్కుని రాలేదు. దాన్ని అలాగే వదిలేశాడు.

మర్నాడు చెల్లెలు పుస్తకం చూసుకుంటానని పైకి పట్టుకెళ్ళింది. కాసేపటికే మెట్లు దడదడలాడాయి. ఆ వయసులో ఆవిడ అలా దిగడం అతను ఎప్పుడూ చూడలేదు.

"అన్నయ్యా! అన్నయ్యా! ఇది చూశావా?"

అట్ట అంచున ఉన్న పీలిక చూపించింది. స్టూలు ఉండగా నేలమీదే కూలబడింది.

"భోజనం అయ్యాక యూదులు దేవుడికి కృతజ్ఞత చెప్పుకుంటారు. తొలి క్రైస్తవులు కూర్చున్నదీ ఆ బల్ల దగ్గరే, వాళ్ళ అమ్మానాన్నల బల్ల. వాళ్ళూ అదే చెప్పారు, మాటలు కొంచెం మార్చుకుని. అయితే మార్చకముందు అచ్చంగా ఎలా ఉండేదో ఎవరికీ తెలీదు. ఉన్నవన్నీ చాలా తర్వాత రాసుకున్నవే. ఇందులో ఉన్న మాట వాటిల్లో దేన్లోనూ లేదు."

"అంటే?"

"అంటే... అమ్మ పాడిన పాటను మనం పాడుతున్నాం, అమ్మ ఎలా పాడిందో మర్చిపోయాం. ఇక్కడ ఒక్క ముక్కలో అమ్మ గొంతు వినిపిస్తోంది. మిగతావి ఎక్కడ పెట్టావ్?"

అప్పుడే చెప్పేసి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. మహా అయితే నాలుగు తిట్లు, నాలుగు నెలలు మాటల్లేకపోవడం. కానీ ఆవిడ ముఖం చిన్నప్పుడు పలక పట్టుకుని పరిగెత్తుకొచ్చిన ముఖంలా ఉంది. ఆ ముఖం ముందు నిజం చెప్పే ధైర్యం అతనికి లేకపోయింది.

"బల్ల మీదే ఆరబెట్టాను. ఊడ్చేటప్పుడు గానీ పోయాయేమో."

ఆ "ఏమో" పట్టుకుని అతను తర్వాత చాలా రోజులు ఈదాడు. పోయాయని అన్నానా? ఏమో అన్నాను. పైగా పిప్పిని బుట్టతో సహా బయటికి మోసింది ఊడ్చే మనిషే కదా, ఒక లెక్కన అబద్ధం కూడా కాదు. ఇలా తనకు తను సర్దిచెప్పుకుని, మళ్ళీ ఛీ అని తనే ఉమ్మేసుకునేవాడు.

ఊడ్చే మనిషిని లైబ్రరీలో అందరూ గాలివాన అంటారు. ముందు గొంతు వస్తుంది, తర్వాత చీపురు, ఆ తర్వాతే మనిషి. బైండరుతో కలిసి మెట్ల మీద కూర్చుని టీ తాగేది ఆవిడొక్కతే. చేరిన కొత్తలో ఒకసారి బల్ల తుడవబోతే అతను ఇంతెత్తున లేచాడు. అప్పటినుంచి గాలివాన ఆ గదిలో నేల మాత్రమే ఊడుస్తుంది. బల్ల మీది దుమ్ము వేలితో చూపించి, "మీ సామ్రాజ్యం మేస్త్రీ, మీరే ఏలుకోండి" అని పోతుంది. ఈ ఒప్పందం వాళ్ళిద్దరికి తప్ప మూడో మనిషికి తెలియదు.

పెద్దసారు, అంటే లైబ్రరీకి అధికారి, ముగ్గురినీ తన గదికి పిలిపించాడు. చెల్లెలు కిటికీ దగ్గర నిలబడింది. గాలివాన చీపురు తలుపు బయట ఆనించి వచ్చింది.

"నేను బల్ల ముట్టను సార్. ఆ బల్ల మీద బంగారం ఉన్నా, బల్లి చచ్చిపడున్నా నాకు సంబంధం లేదు. నా చీపురు నేల దాటి పైకి లేవదు."

"అందరూ అలాగే అంటారమ్మా."

"అందరి సంగతి నాకెందుకు సార్? మేస్త్రీ ఇక్కడే ఉన్నాడుగా, అడగండి."

పెద్దసారు బైండరు వైపు తిరిగాడు. గాలివాన తిరగను కూడా లేదు. జవాబు ఏమిటో ఆవిడకు తెలుసు కదా, తిరిగి చూడాల్సిన పనేముంది.

"నేను చూళ్ళేదు సార్" అన్నాడు బైండరు. "నేను బయటికెళ్ళినప్పుడు ఏం జరిగిందో మరి."

అప్పుడు తిరిగింది. గాలివాన ఆగిపోతే ఎలా ఉంటుందో ఆ గదిలో అందరికీ తెలిసింది.

"అంతేనా మేస్త్రీ?" అంది మెల్లగా.

అతను పెద్దసారు బల్ల మీద అద్దం కింద ఉన్న క్యాలెండరు చూస్తూ నిలబడ్డాడు. మర్నాటి నుంచి రావద్దన్నారు ఆవిడను, పారేసిందో అమ్ముకుందో ఎవరికి తెలుసంటూ. చీపురు లైబ్రరీది, అక్కడే వదిలి వెళ్ళింది.

గదులు ఊడ్చడానికి కొత్త మనిషి వచ్చాడు. గొంతు లేని మనిషి. బైండరు టీ గ్లాసు పట్టుకుని మెట్ల మీద కూర్చునేవాడు, సగం తాగి మొక్కల్లో పోసేవాడు. ఏ పుస్తకం విప్పినా, పీలిక మీద అక్షరాలు కనిపిస్తే దాన్ని బోర్లించి పెట్టేవాడు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. చించుకోకపోతే లోపలే కుళ్ళుతుంది, ఆ మాట మాత్రం ఎవరూ చెప్పరు.

చెల్లెలు పెద్ద సభలో మాట్లాడబోతోంది, ఆ ఒక్క పీలిక గురించి, ఇంకా చాలా వాటి గురించి. ఏ ఉపన్యాసమైనా ముందు అన్న ఇంటికి వచ్చి చదివి వినిపించడం ఆవిడకు అలవాటు. "నీకర్థమైతే అందరికీ అర్థమవుతుంది" అంటుంది. ఒకప్పుడు అదొక మర్యాద అనుకునేవాడు. ఈ మధ్య అదీ వీపుల మాటలాగే వినిపిస్తోంది.

బైండరు భార్య కూరలు తరుగుతోంది. చెల్లెలు కాగితాలు ఒళ్ళో పెట్టుకుంది.

"సిలువ వేసే అధికారం రోమా వాళ్ళది. వేసింది వాళ్ళే. కానీ ఆ సంగతి చెప్పుకుంటూ వచ్చిన తొలి క్రైస్తవులు బతికింది కూడా ఆ రోమా వాళ్ళ కిందే. ఒకరి తర్వాత ఒకరు చెప్తున్నకొద్దీ రోమా అధికారి మంచివాడైపోతుంటాడు, చేతులు కడుక్కుంటాడు, జాలిపడతాడు. తప్పంతా యూదుల మీదికి జరుగుతుంటుంది."

"ఎందుకట?" అంది భార్య.

"ఏలేవాడివైపు వేలు చూపిస్తే వేలు పోతుంది వదినా. దాయాదివైపు చూపిస్తే ఏం పోతుంది? మొదట్లో అది ఒకే ఇంటి తగాదా. చెప్పినవాళ్ళూ యూదులే, తిట్టించుకున్నవాళ్ళూ యూదులే. అన్నదమ్ములు తిట్టుకోరా? కానీ తర్వాత వచ్చినవాళ్ళకు ఇల్లు తెలీదు. చూపించిన వేలు మాత్రమే తెలుసు. ఆ వేలు చూసుకుని ఎన్ని వందల ఏళ్ళు ఎంతమందిని చంపారో."

"అసలు మొదట చెప్పినవాళ్ళకి తెలుసు కదా అమ్మాయ్, ఎవరు చేశారో?"

"తెలుసు. అంతా తెలిసే, కొంచెం పక్కకు జరిపారు. కొంచెమే. ఇంత అవుతుందని వాళ్ళూ అనుకోలేదేమో."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, బైండరు గబుక్కున లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు.

"ఆపు."

"అర్థం కాలేదా?"

"అర్థమైంది. ఆ పీలికలు ఊడ్చేటప్పుడు పోలేదు. నేను ఉడకబెట్టాను."

భార్య చేతిలో కత్తి ఆగింది. చెల్లెలికి ముందు ఆ మాట ఎక్కలేదు.

"దేనికి?"

"వజ్రానికి."

"పొరపాటున?"

ఔనంటే సరిపోయేది. ఆవిడ స్వయంగా తలుపు తెరిచి పట్టుకుంది, దూరడమే తరువాయి. అతనికి ఆ క్షణంలో ఏం తోచిందో గానీ, "కాదు" అన్నాడు.

"అక్షరాలు చూశావా?"

"చూశా."

"చూసే వేశావా?"

"చూసే."

చెల్లెలు కాగితాలు ఒకదాని మీద ఒకటి సర్దింది. అంచులు కలిసేదాకా మోకాలి మీద తట్టింది. "ఆ వజ్రం ఏం చేశావ్?" అంది.

"ఆ ప్రసంగాల పుస్తకంలోనే, చినిగిన పేజీలకు పూశాను."

ఆవిడ గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది. నవ్వో ఏడుపో తెలియలేదు. తర్వాత తలెత్తింది.

"నేనేదో అన్నాను, నీకు మండింది. నా మీద తీర్చుకున్నావ్. సరే. ఆ మనిషి నిన్నేం చేసింది?"

బైండరు కిందపడిన కూరముక్క ఒకటి ఏరి పళ్ళెంలో వేశాడు.

"రేపు చెప్తావా పెద్దసారుతో?"

"చెప్తా" అన్నాడు. ఊరుకోకుండా, "నీ సభ అయ్యాక అయితే... నీ అన్న ఇలా చేశాడంటే నీకు కూడా తలవంపులు కదా" అని తగిలించాడు.

ఆ మాట నోట్లోంచి బయటపడ్డాక అర్థమైంది, మళ్ళీ ఇంకొకళ్ళ వెనక దాక్కున్నానని. చెల్లెలికీ అర్థమైనట్టుంది. చెప్పులు వేసుకుని, వదిన పిలుస్తున్నా తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది.

"మీరు మనిషేనా?" అంది భార్య, కత్తి పక్కన పెట్టి. అతను ఆ ప్రశ్నకు జవాబు వెతకలేదు, దొరుకుతుందని భయపడి.

పొద్దున లైబ్రరీకి తొందరగానే వెళ్ళాడు. వెళ్ళి, పెద్దసారు గదికి కాకుండా తన గదికి వెళ్ళాడు. కత్తులు సానబట్టాడు. సానబట్టిన కత్తులే మళ్ళీ సానబట్టాడు. గిన్నె తోమాడు. బల్ల తుడిచాడు. ఇక తుడవడానికి ఏమీ మిగలక మెట్లెక్కి తలుపు తోసేసరికి, లోపల పెద్దసారు ఎదురు కుర్చీలో చెల్లెలు కూర్చుని ఉంది.

"చెప్పేశాను అన్నయ్యా" అంది. "నువ్వు చెప్పవనుకున్నాను."

చెప్పడానికే వచ్చానని అనబోయాడు. ఎవరు నమ్ముతారు? తనే నమ్మలేదు.

పెద్దసారు అతనివైపు చూసి గడ్డం గీరుకున్నాడు. ఉద్యోగం పోతుందనుకున్నాడు బైండరు. పోవాలని కూడా అనుకున్నాడు.

"చేసింది చాలా తప్పు" అన్నాడు పెద్దసారు. "కానీ తోలు కాగితం పని తెలిసినవాళ్ళు ఇప్పుడెక్కడ దొరుకుతారు చెప్పండి? ఇకమీదట జాగ్రత్తగా ఉండండి."

"అంతేనా సార్?"

"ఇంకేం కావాలి?"

చూళ్ళేదు అన్న ఒక్క మాట మీద ఒక మనిషిని గెంటేశారు. చేసినవాడే ఎదురుగా నిలబడితే జాగ్రత్త చెప్పి పంపేస్తున్నారు. ఊడ్చేవాళ్ళు దొరుకుతారు, బైండర్లు దొరకరు. అదీ న్యాయం. అతనికి మొదటిసారి తన పనితనం మీద అసహ్యం వేసింది.

"ఆవిణ్ణి రమ్మని కబురు పంపిస్తాను" అన్నాడు పెద్దసారు.

"నేను వెళ్తాను సార్."

మెట్ల దగ్గర చెల్లెలు ఆగింది. "ఆ రోజు వీపులన్నది తప్పే. దానికి నీకు క్షమాపణ చెప్పాలి. కానీ ఇవాళ కాదు" అంది. పైకి వెళ్ళిపోయింది.

గాలివాన ఉండేది ఇరుకు వీధిలో. ఒకదానికొకటి ఆనుకున్న ఇళ్ళు, గుమ్మాల ముందు ఆరేసిన బట్టలు, ఒకరింట్లో తుమ్మితే పక్కింట్లో చిరంజీవ అనేటంత దగ్గర. ఆవిడ గుమ్మంలో కూర్చుని ఎవరిదో దుప్పటి పిండుతోంది.

"రండి సార్" అంది.

మేస్త్రీ అనలేదు. అతను నిలబడే చెప్పాడు. ఉడకబెట్టింది తనేనని, చూసే చేశానని, ఆ రోజు పెద్దసారు ముందు అబద్ధమాడానని, మళ్ళీ పనిలోకి రమ్మన్నారని. దారిపొడుగునా కూర్చుకుంటూ వచ్చిన మాటలన్నీ నిమిషంలో అయిపోయాయి.

గాలివాన దుప్పటి రెండో కొస అతని చేతికిచ్చింది. పిండమన్నట్టు చూసింది. ఇద్దరూ చెరోవైపూ మెలితిప్పారు. నీళ్ళు అతని కాళ్ళ మీద పడ్డాయి.

"నాకెందుకు చెప్తున్నారు?" అంది. "నేను తియ్యలేదని నాకు తెలీదా? కొత్తగా ఏం చెప్పారు నాకు?"

"తప్పయిపోయింది."

"పనిలోకి వస్తాను. పని కావాలి కనక వస్తాను. మీ గది మాత్రం మీరే ఊడ్చుకోండి. అది వదిలెయ్యండి. లోపల మా అత్త ఉంది. కోడలు చేతివాటం చూపించిందని మూతి బిగించుకుని కూర్చుంది. ఎదురింట్లో టైలరున్నాడు, నేను వెళ్తే కత్తెర తీసి లోపల పెడుతున్నాడు. వాళ్ళకు చెప్పండి."

అత్తకు చెప్పాడు. ఆవిడకు చెవుడు, రెండుసార్లు గట్టిగా చెప్పాల్సి వచ్చింది. "ఈయన తీశాడా? ఇంత పెద్దమనిషి?" అంది. తర్వాత టైలరుకు చెప్పాడు. తోలు కాగితమంటే ఏమిటి, వజ్రం ఎందుకు, అక్షరాలు ఎవరివి, అన్నీ అడిగాడు టైలరు, టేపు మెడలో వేసుకుని. "దేవుడి మాటలున్నవి ఉడకబెట్టావా? ఎవరి దేవుడైతేనేం, చేతులెలా వచ్చాయయ్యా?" అన్నాడు. గాలివాన పక్కనే నిలబడి వింటోంది. ఒక్క ముక్క కూడా తగ్గించనివ్వలేదు. "చూసే వేశానని చెప్పలేదు" అని అందించేది, మధ్యలో వదిలేస్తే.

అలా ఒక గుమ్మం తర్వాత ఒక గుమ్మం. చెప్పినకొద్దీ తేలికవుతుందనుకున్నాడు. కాలేదు. ప్రతి గుమ్మం దగ్గరా ఆ పీలికలు మళ్ళీ ముడుచుకునేవి, నీళ్ళు మళ్ళీ రంగు తిరిగేవి.

వీధి మలుపులో ఒక ముసలావిడ బియ్యం ఏరుతోంది. అప్పటికి అతనికి మాటలు వాటంతటవే వస్తున్నాయి. ఈవిడ తియ్యలేదమ్మా, అనవసరంగా దొంగతనం అంటగట్టారు, తప్పు నాది, అని మొదలుపెట్టాడు.

ముసలావిడ చేట ఒళ్ళోంచి దించింది. నోరు తెరిచి గాలివానను చూసింది.

"నీ మీద దొంగతనం వచ్చిందా అమ్మా? నాకు తెలీనే తెలీదే!"

వెనక గుమ్మంలోంచి ఇంకో ఇద్దరు తొంగి చూశారు. "ఏంటి, ఏంటి? ఎవరు దొంగ?" అన్నారు.

బైండరు గాలివాన ముఖం చూడలేకపోయాడు. చూడాలి అనుకుని చూశాడు. ఆవిడ తిట్టలేదు. చెంగుతో ముఖం తుడుచుకుంది.

"మొదలెట్టారుగా" అంది. "ఆ ఇద్దరికీ కూడా చెప్పండి. మొదట్నుంచీ."